సగానికి కోసిన గడువు

మేడ్చల్ ఫ్యాక్టరీలో మేనేజరుగా నేను సాధించిన ఘనకార్యం, ఇంజనీర్లు అడిగిన గడువును సగానికి కోయడం. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి, బేరమాడకుండా ఉండలేను.

ఒకసారి షామీర్‌పేట బస్సులో పక్క సీటతనికి ఈ సంగతే గొప్పగా చెప్పాను. అతనూ ఇంజనీరేనట. నవ్వాడు.

"మా సారు గూడ గంతే. అందుకే మేం ఎప్పుడూ డబులే చెప్తం. మొన్న మాత్రం మిషన్ బాగుజేయనీకి నిజంగనే రెండు రోజులు గావాలె. గదే అడిగిన. సారు బేరమనుకొని ఒక్కరోజే ఇచ్చిండు."

"ఏమైంది?"

ఒళ్లోని టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. "గిది మా ఫిట్టర్‌ది. మిషన్ల చిక్కి పానం పోయింది. ఆళ్లింట్ల ఇయ్యనీకి పోతున్న."

మర్నాడు మా ఇంజనీరు నాలుగు రోజులు అడిగితే నాలుగూ ఇచ్చాను.

"పానం బాగలేదా సార్?" అన్నాడు.

రెండు రోజులు ఎక్కువే అడిగాడని తెలుసు. నాకు పోయింది ఆ రెండు రోజులే.