గురువారం నేను వెళ్లలేదు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. మనిషి కాలు కదలకపోతే మెదడులో రక్తం ఎక్కడ ఆగిందో చూడాలని చదువుకున్నదాన్ని. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తామంటే నవ్వేదాన్ని. ఇది ఎవర్నీ భయపెట్టడానికి రాయడం లేదు. ఆరేళ్లుగా ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేక రాస్తున్నాను.

మాది తాడేపల్లిగూడెం. నాన్నగారిది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. ఎంబీబీఎస్ సీటు రాకపోవడంతో ఫిజియోథెరపీలో చేరాను. ఇష్టపడి కాదు, ఏడాది ఖాళీగా కూర్చోవడం ఎందుకని. చదువు పూర్తయి ఏలూరులో ఒక క్లినిక్‌లో ఉద్యోగం వచ్చాక కూడా బంధువులు "కాళ్లు పట్టే చదువా అమ్మా?" అనే అడిగేవారు. నవ్వి ఊరుకునేదాన్ని గానీ లోపల గుచ్చుకునేది.

కైకలూరు దాటాక, కొల్లేరు అంచున ఒక పల్లెలో సత్యనారాయణగారని వరి రైతు ఉండేవారు. అరవైకి దగ్గర పడిన మనిషి. పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది. ఆయన్ని ఏలూరు దాకా తీసుకురావడం కష్టమని సోమ, గురువారాల్లో నేనే వెళ్లేదాన్ని. ఇంట్లో ఆయనా, భార్య రత్నమ్మగారూ ఇద్దరే.

ఆయన మంచం పక్కన ఎత్తుగా ఒక కిటికీ ఉంది. పడుకున్నా కూర్చున్నా ఆకాశం తప్ప ఏమీ కనపడదు. నిలబడితే ఆయన చేను కనపడుతుంది. నేను మొదటిసారి వెళ్లింది మండువేసవిలో. ఆ రోజే ముద్దముద్దగా అడిగారు.

"నాట్ల వేళకి ఒక్కసారి నిలబెట్టండి డాక్టరమ్మగారూ. చేను చూసుకుంటాను."

"తప్పకుండా నిలబడతారు బాబాయ్‌గారూ" అన్నాను. అంత గట్టిగా మాటివ్వకూడదని అప్పటికి నాకు తెలియదు.

నాలుగు నెలలు చేయించాను. చేతిలో కాస్త పట్టు వచ్చింది గానీ కాలు నిలవలేదు. లేపిన ప్రతిసారీ మోకాలు మడతపడిపోయేది. ఊళ్లో నాట్లు పడ్డాయి. ఆడకూలీల మాటలు కిటికీలోంచి వినపడేవి. ఆయన వింటూ పడుకునేవారు.

ఆగస్టులో ఒక సోమవారం ఆయన నా చేతుల్లోంచి జారిపోయారు. దెబ్బ తగల్లేదు గానీ ఇద్దరం నేలమీద కూలబడ్డాం. ఆయన ఏడ్చారు. ఏడుస్తూనే ఎడమ చేత్తో నా భుజం తట్టి "మీ తప్పేం లేదమ్మా" అన్నారు.

ఆ ఓదార్పు నేను తట్టుకోలేకపోయాను. బయల్దేరేటప్పుడు రత్నమ్మగారు "గురువారం వస్తారు కదండీ?" అని అడిగితే "వస్తానండీ" అన్నాను. రానని నాకు అప్పటికే తెలుసు. బస్సులోనే నాన్నగారికి ఫోన్ చేసి, ఈ పని మానేస్తాను, బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించండి అని చెప్పాను.

ఆ గురువారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నేను తాడేపల్లిగూడెంలో కోచింగ్ సెంటర్‌లో ఉన్నాను. నాన్నగారు పక్కనుండి చేర్పించారు. అక్కడే ఫొటో తీశారు, పరీక్ష పెట్టారు, రిజిస్టర్‌లో రెండు పూటలా సంతకం చేశాను. తర్వాత ఒకసారి వెళ్లి ఆ సంతకాలు చూసుకుని మరీ వచ్చాను. ఫోన్ మాత్రం రోజంతా ఆపేశాను, రత్నమ్మగారు చేస్తారేమోనని.

ఆదివారం క్లినిక్ వాళ్లు ఫోన్ చేశారు. మళ్లీ స్ట్రోక్ వచ్చి శనివారం తెల్లవారుజామున సత్యనారాయణగారు పోయారని.

పరామర్శకి వెళ్లాను. ముఖం ఎలా చూపించాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. రత్నమ్మగారే వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ రుణం తీర్చుకోలేనండీ. గురువారం మీరొచ్చి నిలబెట్టబట్టి చేను చూసుకుని పోయారు. ఆ రాత్రి ఎంత హాయిగా పడుకున్నారో!"

దుఃఖంలో రోజులు కలగలిసిపోయాయి అనుకున్నాను. మెల్లగా అడిగాను. ఆవిడ తడుముకోకుండా చెప్పారు. పదకొండు గంటలకు వచ్చానట. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదట. ఆయన నడుముకి బెల్టు కట్టి, మోకాలికి నా మోకాలు ఆనించి లేపానట. నేను లేపేది అలాగే. ఎదురింటావిడ కూడా "ఆటో దిగుతుంటే చూశానుగా, పలకరిస్తే తల ఊపారండీ" అంది.

అప్పుడు రత్నమ్మగారు నోట్‌బుక్ తెచ్చారు. వెళ్లినప్పుడల్లా ఏం చేయించానో అందులో రాసి సంతకం పెట్టేదాన్ని. చివరి పేజీలో గురువారం తేదీ ఉంది. కింద రెండు ముక్కలు: "కిటికీ దగ్గర నిలబడ్డారు. నలభై సెకన్లు." దాని కింద నా సంతకం.

అది నా దస్తూరీయే. రత్నమ్మగారికి చదవడం, రాయడం రాదు. ఆయన కుడిచెయ్యి పెన్ను పట్టే స్థితిలో లేదు. నేను రాయలేదు.

నేను రాలేదండీ అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూసి మానుకున్నాను. ఆ మాటతో ఆవిడకి మిగిలిన ఆ ఒక్క సంతోషం కూడా పోతుందనిపించింది.

కోచింగ్‌కి మళ్లీ వెళ్లలేదు. ఏలూరు క్లినిక్‌లోనే ఉన్నాను. ఈ ఆరేళ్లలో ఎంతోమందిని నిలబెట్టాను. వస్తానని చెప్పిన రోజున వెళ్లకుండా ఒక్కసారి కూడా మానలేదు.

ఆ రోజు ఆ ఇంటికి వెళ్లింది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. భయం కూడా ఎప్పుడో పోయింది. బాధ మాత్రం పోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని పచ్చటి చేను చూస్తూ ఆయన నవ్వారట. ఆ నవ్వు రత్నమ్మగారు చూశారు. నా రూపంలో వెళ్లినవారెవరో, ఆ నవ్వు వాళ్లూ చూశారు. నేను చూడలేదు.