సముద్రం వాటా

పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో మా పక్కింటి నూకన్న మొండిఘటం. పడవ నడిపినన్నాళ్ళూ ఆయనది ఒకటే లెక్క. ట్యాంకులో ఉన్న డీజిల్లో మూడో వంతు సముద్రానిది, మిగిలినదాంతోనే వెళ్ళి రావాలి. శ్రీకాకుళం ఒడ్డు నుంచి తండ్రి తెచ్చిన పద్ధతి. దాని పుణ్యమా అని ఏనాడూ నడిసముద్రంలో చిక్కుకోలేదు. తర్వాత పడవ అమ్మి, కరెంటు కారు కొని టాక్సీ తిప్పాడు. తెర మీద ఎన్ని కిలోమీటర్లు కనిపించినా మూడో వంతు తీసేసేవాడు.

మెకానిక్ రామ్‌ప్రసాద్ ఒకసారి నా ముందే చెప్పాడు. "బ్యాటరీ ముసలిదైంది భయ్యా. నువ్వు ఊళ్ళో నడిపిన తీరు చూసి ఆ అంకె చెబుతోంది. ఘాట్ రోడ్డు మీద అది ఝూట్."

నూకన్న నవ్వాడు. "నేనూ ముసలోణ్ణే కదేటి!"

ఆ జూలైలో రంగత్‌లో ఉన్న ఆయన కూతురు గౌతమిని చూడ్డానికి ఇద్దరం ఆ కార్లోనే వెళ్ళాం. ఆమెకి ఎనిమిదో నెల. మర్నాడు పొద్దున్నే పిల్లకి రక్తం పోవడం మొదలైంది. వెంటనే పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. ఉన్న అంబులెన్సు అప్పటికే ఇంకో రోగితో వెళ్ళిపోయింది. రాత్రి కరెంటు పోయి కారు సగమే చార్జయింది. అందులోనే బయల్దేరాం.

బారాటాంగ్ దగ్గర బళ్ళని మోసే బార్జి మీద సముద్రపు పాయ దాటితే అవతల జారవా ఆదివాసుల రక్షిత అడవి. బళ్ళన్నీ పోలీసు జీపు వెనక వరసగా కదలాలి, మధ్యలో ఆగకూడదు. వరస తప్పితే గంటల తరబడి పడిగాపులే.

తెర మీద ఎనభై ఉంది.

"నూకన్నా, పిల్లని వరసలో ఉన్న ఆ బస్సులో ఎక్కిద్దాం," అన్నాను.

"బస్సు కుదుపులకి తట్టుకోలేదు టీచరమ్మా. సముద్రం వాటా తీసీసినా యాభై పైనే ఉంది. అడవి చివర జిర్కాటాంగ్ చెక్‌పోస్టు యాభై కూడా లేదు, అక్కడ ఇంకో బండి చూద్దాం. ఫికర్ చెయ్యకండి."

నాకు ఒళ్ళు మండింది. కానీ పిల్ల ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

వాన పట్టుకుంది. ఎక్కుడులో అంకె ఐదారు చొప్పున పోతోంది, దిగుడులో ఒకటో రెండో తిరిగొస్తోంది. నెమ్మదిగా నడిపితే మిగులుతుంది, కానీ వెనక లారీ హారన్ ఆపడం లేదు. నూకన్న ఏసీ కట్టేశాడు. నా ఒళ్ళో గౌతమి తల చెమటతో తడిసిపోయింది.

"నాన్నా, ఇంకెంత దూరం?"

"వచ్చీసాం తల్లీ."

రాలేదు. ఇరవై చూపిస్తున్న అంకె ఒక మలుపులో ఆరుకి పడిపోయింది. నాకు దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు. నిటారు ఎక్కుడు మధ్యలో కారు ఆగిపోయింది.

"రుక్‌నా మనా హై!" అని అరుస్తూ వచ్చిన పోలీసు లోపలికి చూసి, విజిల్ వేసి బస్సుని ఆపించాడు. ఇద్దరు ముగ్గురు సాయం పట్టి గౌతమిని బస్సులోకి మార్చారు. నేనూ ఎక్కాను. కారుకి తాడు కట్టి లారీతో లాగించారు. స్టీరింగ్ పట్టుకోడానికి నూకన్న అందులోనే ఉండాల్సి వచ్చింది.

జిర్కాటాంగ్ ఇంకా కొంత దూరం ఉందనగా గౌతమి నా చేతుల్లోనే పోయింది. బస్సులోనే వెళ్ళుంటే బతికేదా? ఏమో. ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు.

చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి నిలబడ్డాను. లారీ వచ్చింది. నూకన్న వానలో పరుగెత్తుకొచ్చి గౌతమి చెప్పులు నా చేతికిచ్చాడు.

"కార్లో ఉండిపోనాయమ్మా. నేల తడిగా ఉంది, తొడిగించండి," అన్నాడు.