సువార్తమ్మ గారు మిగిల్చిన మాత్రలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో నేను మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. మాకు రోగి మొహం కంటే సీసా మీద అంటించిన పేరే ఎక్కువ పరిచయం. నాకూ అదే హాయి. నోరు జారే స్వభావం నాది, మనుషులకు దూరంగా ఉంటేనే మంచిదని మా అమ్మ కూడా అనేది.

ఒక్క సువార్తమ్మ గారు మాత్రం రిపోర్టు కోసం స్వయంగా కిటికీ దగ్గరికి వచ్చేవారు. ఉయ్యూరు పక్క పల్లెలో పాస్టరు గారి భార్య. షుగర్ ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, చలిజ్వరం. మేం చేసేది కల్చర్ సెన్సిటివిటీ, అంటే క్రిమిని పెంచి ఏ మందుకు చస్తుందో చూడటం. మొదటి రిపోర్టులో దాదాపు అన్ని మందులూ పనిచేస్తాయనే వచ్చింది.

"జ్వరం మూడో రోజుకే పోయిందమ్మా. ఆదివారం గుడిలో అందరి ముందూ దేవుడే బాగుచేశాడని సాక్ష్యం కూడా చెప్పాను. దేవుడు ముట్టాక ఇంకా మాత్రలు మింగితే అది అవిశ్వాసం కదా, ఆపేశాను" అన్నారు నవ్వుతూ.

ఊళ్ళో అందరి జాతకాలూ చెప్పే నా నోరు ఆ రోజు పెగల్లేదు. వాళ్ళ దేవుడి సంగతి, వేరే మతందాన్ని నేనెందుకు వేలు పెట్టడం అనుకున్నాను. "మంచిదండీ" అని కాగితం చేతిలో పెట్టాను.

ఆరు నెలల్లో రెండుసార్లు జ్వరం తిరగబెట్టింది. రెండుసార్లూ సగం మాత్రలు, ఒక సాక్ష్యం. ఒకసారి బల్ల మీద కూర్చుని తన మనోవ్యాధి చెప్పుకున్నారు. కూతురు కరుణ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. సండే స్కూల్లో పిల్లలకు "మనల్ని దేవుడే చేశాడు, ఎలా చేశాడో పరిణామ సిద్ధాంతం చెబుతుంది" అందట. తండ్రి ఆ రోజే ఆ పిల్లను సండే స్కూల్లో చెప్పడం మాన్పించారు. రెండేళ్ళుగా మాటల్లేవు.

"వాళ్ళిద్దర్నీ ఒక పక్కన చూసి పోతే చాలమ్మా నాకు" అన్నారు.

నాలుగోసారి ఆవిడ కిటికీ దగ్గరికి రాలేదు. స్ట్రెచర్ మీద ఐసీయూకి వెళ్ళారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. మూడో రోజు నేను తీసిన ప్లేటులో, క్రిమి మీద వరసగా పెట్టిన మందు బిళ్ళల్లో ఒక్కదాని చుట్టూ తప్ప క్రిమి చావలేదు. డాక్టరు గారు వెంటనే ఆ మందు మొదలుపెట్టారు.

మధ్యాహ్నం పాస్టరు గారు ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డారు. "మందులు పనిచేయడం లేదంటున్నారమ్మా. ఒకసారి నా కళ్ళతో చూడనిస్తావా?"

బయటివాళ్ళకు చూపించకూడదు. అయినా మూత తీయకుండా రెండు ప్లేట్లు అద్దం అవతల పెట్టాను. ఒకటి ఆవిడది. రెండోది మా పరీక్ష సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పెంచే మామూలు క్రిమిది. అందులో ప్రతి బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ, మందు తగిలి క్రిమి చచ్చిన చోటు.

"రెండూ ఒకే జాతా?"

"ఒకటేనండీ."

"మరి దీనికింత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఈసారి దాచలేదు. "కోట్ల క్రిముల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే తేడాగా ఉంటాయండీ. మందుకు మిగతావి చస్తాయి, అవి మిగులుతాయి. కోర్సు సగంలో ఆపిన ప్రతిసారీ అలాంటివి పెరిగే అవకాశం ఉంటుంది. ఇవన్నీ వాటి సంతానం."

ఆయన భార్య ప్లేటుకెదురుగా అద్దం మీద చెయ్యి పెట్టారు. "మా కరుణ చెప్పేది ఇదేగా" అన్నారు. "నువ్వు ఫోన్ చేసిపెట్టమ్మా. నేను చేస్తే ఎత్తుతుందో లేదో."

కరుణ సాయంత్రానికల్లా వచ్చింది. మంచానికి చెరో పక్కా నిలబడ్డారు తండ్రీ కూతుళ్ళు. సువార్తమ్మ గారు కళ్ళు తెరవలేదు. మర్నాడు పోయారు. ఆ రోజు రిపోర్టులు టైపు చేస్తూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఆవిడ జ్ఞాపకార్థం గుడిలో పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. పాస్టరు గారు భార్య బైబిలు సంచిలోంచి మాత్రల అట్టలు తీసి పైకెత్తి చూపించారు. ఏదీ పూర్తిగా ఖాళీ కాలేదు.

"ఈ మందు కూడా దేవుడిచ్చిందే. సగంలో ఆపేస్తే విశ్వాసమని మెచ్చుకున్నది నేను. దేవుడు అబద్ధమాడడు. ఆయన చేసిన లోకమూ అబద్ధమాడదు. ఆ రెంటికీ తగువు పెట్టింది నేనే. వచ్చే ఆదివారం నుంచి సండే స్కూలు మళ్ళీ కరుణ చెబుతుంది."

కరుణ భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి కూర్చుంది.

"అమ్మ మీ గురించి చెప్పేదండీ, ల్యాబ్ అమ్మాయి మంచిదని. మాత్రలు ఆపేసిన సంగతి మీకేమైనా చెప్పిందా?"

ముద్ద గొంతులో అడ్డంపడింది. "మొదటిసారే చెప్పారమ్మా. విని ఊరుకున్నాను."

తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల తన గ్లాసు నా ముందుకు జరిపి, "నీళ్ళు తాగండి" అంది. తిట్టినా బాగుండేది.

క్రిమి గురించి నాకు తెలిసినదంతా కాగితం మీద మందు పేరు పక్కన, పనిచేస్తుందనో చెయ్యదనో, ఒక అక్షరంగా రాసి చేతులు దులుపుకోవచ్చని అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు రిపోర్టుకొచ్చినా, మెడలో సిలువ ఉన్నా నుదుట బొట్టున్నా, కాగితం ఇచ్చే ముందు అడుగుతాను: "మాత్రలు ఇంకెన్ని ఉన్నాయండీ? అన్నీ వేసుకుంటారుగా?"