మూడు ఊళ్ళ పట్టభద్రులు, ఒకే గౌను

ఒక మంచి మనిషిని ఊరందరి ముందు ఇరకాటంలో పెట్టడం ఎలాగో తెలియకపోతే నన్ను అడగండి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆ పనిని పూర్తి శ్రద్ధతో చేశాను.

అంతకుముందు మా వైపు వాళ్ళకు డిగ్రీ మద్రాసు నుంచి రావాలి. తిరుపతిలో కొత్త విశ్వవిద్యాలయం పెట్టాక, దాని పెద్దలు ప్రొద్దుటూరికి వస్తున్నారని తెలిసింది. మాకు కాలేజీ కావాలంటే ఇక్కడ ఎంతమంది చదివారో చూపాలి. కొత్తగా చేరిన టీచర్ని కాబట్టి జాబితా పని నా మీద పడింది. రికార్డులన్నీ మద్రాసులో ఉన్నాయి. అందుకని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇళ్ళ గోడలు చూస్తూ తిరిగాను. నల్లగౌను, చేతిలో చుట్టిన కాగితం ఉన్న ఫోటో కనిపిస్తే పేరు రాసుకున్నాను. చరిత్ర రాయడం ఇంత తేలికని అప్పటిదాకా తెలియదు.

జమ్మలమడుగులో అర్జీలు రాసే ఓబులేసును ఊరంతా బి.ఎ. ఓబులేసు అనేది. ఆయన లేనప్పుడు వెళితే, భార్య నరసమ్మ ఆయన గౌను ఫోటో అద్దం కొంగుతో తుడిచి చూపించింది. ఆ పెద్దల ఎదుట పట్టభద్రులను సన్మానించే సభకు ముందురోజు ఆయన బస్సెక్కి ప్రొద్దుటూరులో మా బడికి వచ్చాడు.

"నా పేరు కొట్టెయ్యప్పా అయ్యోరా."

"అదేంది మామా! నీలాంటోళ్లు ఎంతమంది ఉండారు?"

"శానామంది ఉండారు. నన్నిడిచిపెట్టు."

"మరీ అంత వినయమైతే ఎట్ల?"

"వినయం యాడిదప్పా, నిజం చెప్తాండా. నాకా యోగ్యత లేదు."

గదిలో మరో ఇద్దరు టీచర్లున్నారు. ఆయన వాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఇంత గొప్ప మనిషా అనుకుని, ఆయన పేరును జాబితాలో మొదటికి మార్చాను.

మర్నాడు సభలో ఓబులేసుకు దండ వేసి మైకు ముందుకు తోశాను. ఎదురుగా నరసమ్మ కూర్చుంది. ఆయన దండ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను బి.ఎ. తప్పినా. పరీక్ష రాసి వస్తా ఈడ స్టూడియోలో గౌను తగిలించుకొని ఫోటో తీయించుకున్యా. పాసైతాననే అనుకున్యా. ఆ ఫోటో చూసి పిల్లనిచ్చినారు. ఆ పొద్దు నుంచి చెప్పేదానికి నోరు రాలే."

నరసమ్మ లేచింది.

"అయ్యోరా, ఆయప్పను దిగమను. నాకెప్పుడో తెలుసు. బాధపడతాడని నేనే ఆ మాట ఎత్తలే. ఆ స్టూడియోలో ఉండేది ఒకటే గౌను, దానికి మోచేతి కాడ చినిగితే ఏసిన మాసిక. నాకు తెలిసిన ప్రతి ఇంట్లో అదే మాసిక. మిగిలినోళ్లను గూడా అడుగు!"

సభంతా నవ్వింది. వేదిక మీదున్న పట్టభద్రుల్లో ఇద్దరు మంచినీళ్ళకని దిగి, మళ్ళీ రాలేదు. మూడు ఊళ్ళ ఫోటోలు చూసిన నాకు ఆ మాసిక ఒక్కదాంట్లోనూ కనిపించలేదు.

ఆయనకు అర్జీలు తగ్గలేదు. నిజం రాస్తాడని ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఇన్నేళ్ళకు ఓబులేసు మామ పోయాడు, ఇంకా నెల కాలేదు. ఆ సభలో అడగకుండా తన గురించి నిజం చెప్పింది ఆయనొక్కడే.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా నాకా యోగ్యత లేదంటే, అది వినయమో నిజమో తేల్చబోను. అక్కడికక్కడే నమ్మేస్తాను.