తలగుడ్డలో దబ్బనం

మా మిల్లు కూలీల్లో ఒకాయన తలగుడ్డలో ఎప్పుడూ ఒక దబ్బనం గుచ్చి ఉండేది. గోతాలు కుట్టే ఆ పెద్ద సూదిని చూస్తే నాకు ఒళ్లు మండేది.

తొంభైల చివర కరువుకు మూతపడిన శనక్కాయల మిల్లును మళ్లీ తెరిచారు గానీ, పాతవాళ్లందరికీ పని లేదు. పొద్దున్నే గేటు దగ్గర నలభై మందిమి నిలబడితే మేస్త్రీ పదిమందినే పిలిచేవాడు. మొదటి పిలుపు ఎప్పుడూ ఆ దబ్బనానికే.

ఒకరోజు నేనూ సంతలో దబ్బనం కొని, తలగుడ్డలో గుచ్చుకుని, ఆయనకంటే ముందు నిలబడ్డాను.

"కుట్టేవాడు ఈ పొద్దు ఒకడు సాలు," అని మేస్త్రీ నన్ను లోపలికి రమ్మన్నాడు.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కొడతాడనుకున్నాను.

"గోతం మూతి కుట్టేటప్పుడు రెండు మూలలా చెవులు వదులప్పా. హమాలీలు వాటినే పట్టుకోని ఎత్తేది. వదల్లేదంటే రేపు నిన్నూ పిలవరు," అని చెప్పి ఇంటిదారి పట్టాడు.

పని నాకే దొరికింది. అయినా సాయంత్రం దాకా గోతాలకు చెవులు వదిలి కుడుతూ, ఆయన్ను తలుచుకుని కుళ్లుకుంటూనే ఉన్నాను. అదే నేనైతే ఆ మాట చెప్పేవాణ్ని కాను.