బల్ల దగ్గర నా బూట్లు

రేపల్లె దగ్గర మా ఊరి చర్చిలో చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చుంటాం. ఆఫీసు పని మీద అమెరికాలోని ఎడిసన్ వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం ట్రైనెక్కి నెవార్క్‌లోని ఒక పాత ఎపిస్కోపల్ చర్చికి వెళ్ళాను. గుమ్మం లోపల బూట్లు వరసగా కనిపించాయి. వీళ్ళూ మనలాంటివాళ్ళేనని సంబరపడి, నావీ అక్కడే విడిచాను.

తీరా లోపల అందరి కాళ్ళకీ బూట్లున్నాయి. నేనొక్కణ్ణే మేజోళ్ళతో ఉన్నాను.

ప్రభు భోజనానికి బల్ల దగ్గరికి వెళ్తే, నా ముందు ఒక పెద్దాయన మోకరించి ఉన్నాడు. ఆయన బూట్ల అడుగులు చూసి ఉలిక్కిపడ్డాను. మడమకి తెనాలిలో నేను వేయించిన అతుకు! అవి నా బూట్లే.

ఆరాధన అయ్యాక, తలుపు దగ్గర అందరినీ పలకరించే డోరిస్ అనే నల్లజాతి పెద్దావిడకి సంగతి చెప్పాను.

"అయ్యో నాయనా, అవి లేనివాళ్ళ కోసం పెట్టినవి! మా అమ్మమ్మ కాలంలో మావాళ్ళని ఇక్కడ పై బాల్కనీలోనే కూర్చోమనేవాళ్ళు. అందుకే ఇప్పుడు ఈ గుమ్మంలో ఎవర్నీ ఏమీ అడగం. ఎవరికి సరిపోతే వాళ్ళు తొడుక్కుంటారు. ఉండు, తిరిగి ఇప్పిస్తాను."

ఇంతలో ఆ పెద్దాయనే కాఫీ కప్పుతో, కొత్త పెళ్ళికొడుకులా తన కాళ్ళు చూసుకుంటూ వచ్చాడు.

"సరిపోయాయా?" అన్నాను.

"నాకోసమే కుట్టినట్టున్నాయి!"

"డోరిస్‌గారూ, వద్దండీ, ఉండనివ్వండి," అన్నాను.

ఆ వరసలో నా సైజుది ఒక్క జతే దొరికింది. మోకాళ్ళదాకా వచ్చే పసుపు రంగు వాన బూట్లు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ట్రైన్‌లో అందరూ నా కాళ్ళవైపే చూశారు. నేనూ చూసుకున్నాను, కొత్త పెళ్ళికొడుకులా.