ఖాళీ మందు డబ్బాకు పాస్‌బుక్కు ఎందుకు?

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఆరున్నరకు భువనగిరిలో రైలెక్కాను. పురుగుమందుల ఖాళీ డబ్బాలు వేయడానికని ఏడాది కిందట మా ఊళ్లో ఒక గది కట్టారు. వార్డు మెంబరుగా దాని కోసం తిరిగింది నేనే. గది ఖాళీగానే ఉంది, డబ్బాలు కాలువలో తేలుతున్నాయి. పాలంపేట అవతల ఒక ఊళ్లో అలాంటి గదే నిండిపోతోందని విని, చూద్దామని బయలుదేరాను.

ఎనిమిది దాటాక వరంగల్‌లో దిగి, స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని, హనుమకొండలో ములుగు బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకొని ఇంటికి పోతున్న రైతు. సంగతి చెబితే నవ్వాడు.

"మా ఊర్లె గూడ పెట్టిండ్రు అన్నా. పట్టా పాస్‌బుక్కు తెమ్మంటరు. నేను చేసేది కౌలు, బుక్కేమో పట్నంల ఆసామి దగ్గరుంటది. ఖాళీ డబ్బా కోసం ఆయన్ని పిలిపియ్యాల్నా?"

మా గది దగ్గరా అదే రూలు. అప్పటిదాకా అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ములుగు నుంచి షేర్ ఆటో. పాలంపేట దాటాక ఇంకో ఆటో మారాలి. వెళ్లేవాళ్లు మధ్యాహ్నం లోపే చేరుకోండి, ఆ తర్వాత అటు వెళ్లే బండ్లు దొరకడం కష్టం. నేను పదకొండున్నరకు దిగాను.

గది ముందు యాభై ఏళ్ల కొమురమ్మ చేతులకు తొడుగులు వేసుకొని బస్తాల్లో డబ్బాలు సర్దుతోంది. మిరపతోటల్లో కూలి చేస్తుంది. ఇదంతా ఎట్లా మొదలైందని అడిగాను.

"నా బిడ్డ చేన్ల మజ్జిగ తాగింది సారూ. ఎవలో మందు డబ్బా కడిగి అండ్ల పోసి తెచ్చిండ్రు. వరంగల్ దవాఖానల తొమ్మిది దినాలున్నది." ఆమె బస్తా మూతి బిగించి కట్టింది. "బతికింది. గిప్పుడు కాలేజీకి పోతాంది."

బిడ్డ ఇంటికొచ్చిన మర్నాడే ఆమె కాలువ గట్టున మూడు బస్తాల డబ్బాలు ఏరి ఈ గదికి తెచ్చింది. ఇన్‌చార్జి పాస్‌బుక్కు అడిగాడు. ఆమెకు గుంట భూమి లేదు. గ్రామసభ రోజున ఆ బస్తాలు తీసుకెళ్లి సర్పంచ్ కుర్చీ ముందు కుమ్మరించింది.

"పాస్‌బుక్కు లేనోళ్ల కడుపుల ఇసం పోదా అని అడిగిన."

గదిలోనే ఉన్న ఇన్‌చార్జి ఏదీ దాచలేదు. "రూల్ తప్పితే నా నౌకరి మీదికొస్తది సార్, అందుకే తీసుకోలే. సభ అయిన రాత్రి రూల్ కాగితం మళ్ల చదివిన. పాస్‌బుక్కు ఉన్న రైతు లేదా సంస్థ అని ఉన్నది. పంచాయతీ గూడ సంస్థనే గదా!"

సభ మళ్లీ కూర్చొని తీర్మానం చేసింది. ఎవరు తెచ్చినా పంచాయతీ పేరున తీసుకోవాలి. డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు మందు పంపులోనే పోసి, మళ్లీ ఎవరూ వాడకుండా అడుగున రంధ్రం చేసి తేవాలి. కాలువలో పారేసినవాళ్లు సభలో లేచి జవాబు చెప్పాలి.

"సర్పంచ్ అన్ననే ఒకసారి నిలవడ్డడు," అని కొమురమ్మ నవ్వింది.

కాలువ వెంట చాలాదూరం నడిచాం. ఒకే ఒక్క డబ్బా కనిపించింది. ఆమె తిట్టుకుంటూ దిగి తీసింది. వాళ్లింట్లోనే అన్నం, పచ్చిపులుసు తిని రెండున్నరకు తిరుగుదారి పట్టాను.

సాయంత్రం రైలు కాజీపేట దాటాక మా పంచాయతీ సెక్రటరీకి ఫోన్ చేసి, ఇన్‌చార్జి దగ్గర రాసుకొచ్చిన ఆ రూల్ వాక్యం చదివి వినిపించాను. ఆయన తన ఫైలు తీసి చూశాడు.

"మన దగ్గర గూడ గదే కాగితం అన్నా. మనం సగమే చదివినం."

జనానికి బాధ్యత లేదని ఏడాదిగా మైకులో అరిచింది నేనే. సగం ఊరిని ఆ గది బయట నిలబెట్టింది మేమే. కట్టిన గది మంచిదే, దాని గడప ఎవరు దాటొచ్చో మేం సరిగ్గా రాసుకోలేదు. రాసుకుంటే మాదీ నిండుతుంది, నాకా నమ్మకం కుదిరింది. బుధవారమే సభ పెట్టమన్నాను. ముందు వరుస కుర్చీలు కౌలుదార్లకూ కూలీలకూ వదలమని చెప్పాను.